మస్కీని ప్రాణంతో వదలాలంటే



జూన్ వచ్చిందంటే అమెరికాలోని మిన్నసోటాలో మస్కీ అనే చేప వేట సీజన్ తెరుస్తారు. ఈ మధ్య ఇక్కడి సరస్సుల దగ్గర తెలుగు మాట తరచుగా వినబడుతోంది. శనివారం పొద్దున్నే మినటాంకా సరస్సులో పడవలు దింపే రేవు దగ్గర నిలబడితే చాలు, "ఏమండీ, ఏమన్నా పడ్డాయా?" అన్న పలకరింపు ఎటు నుంచో చెవిన పడుతుంది. మనవాళ్లలో ఎక్కువమంది వచ్చేది సన్‌ఫిష్, క్రాపీ, వాలై లాంటి చేపల కోసం. పిల్లల్ని వెంటబెట్టుకుని, చిన్న రాడ్డు, డబ్బాలో వానపాములు తీసుకుని వస్తారు. అయితే మన ఎరను నీళ్లలో ఎవరు చూస్తున్నారో మనకేం తెలుసు? ఒక్కోసారి రాడ్డు ఉన్నట్టుండి నీళ్లలోకి వంగిపోతుంది, రీలు గిర్రున తిరుగుతుంది. కాసేపు పెనుగులాడాక పడవ పక్కన తేలేది జానెడు నోరున్న చేప. నోరు తెరిచిందంటే లోపలంతా పళ్లే.

అప్పుడు ఏం చేయాలి? పట్టిన మనిషికి దెబ్బ తగలకుండా, ప్రాణం పోకుండా చేప మళ్లీ నీళ్లలోకి ఎలా వెళ్లాలి? ఇవాళ మీతో మాట్లాడదలచుకున్నది ఆ నాలుగైదు నిమిషాల గురించే.

ఈ ప్రాంతపు సరస్సుల్లో పళ్లకు పేరుపడ్డ చేపలు రెండు. ఒకటి నార్తర్న్ పైక్, రెండోది మస్కెలంజ్. దీన్నే అందరూ ముద్దుగా మస్కీ అంటారు. రెండూ ఒకే కుటుంబానివి. పొడుగాటి ఒళ్లు, చదునైన మూతి, తోకకు దగ్గరగా వెనక్కి జరిగిన వీపు రెక్క. కదలకుండా నిలబడి, ఒక్కసారిగా దూకి ఎరను పట్టే జాతి. కింది దవడ అంచున కోరల్లాంటి పెద్ద పళ్లుంటాయి. పై అంగిలి నిండా వందల కొద్దీ చిన్న పళ్లు, అన్నీ గొంతువైపు వాలి ఉంటాయి. నోట్లోకి వెళ్లినది ఏదైనా ముందుకు జారుతుంది కాని వెనక్కి రాదు. మన వేలైనా సరే. బెదిరిపోయి చెయ్యి వెనక్కి గుంజుకున్నప్పుడే చర్మం చీరుకుపోతుంది.

ఆ పళ్ల వల్ల మనిషికి జరిగే నష్టం చాలావరకు ఒక గాయం, మహా అయితే నాలుగు కుట్లు. ఆ పళ్లను చూసి మనిషి భయపడటం వల్ల చేపకు జరిగే నష్టం మాత్రం ప్రాణం. భయపడ్డవాడు చేపను పడవ అడుగున పడేసి కాలితో అదిమి పెడతాడు. పొడి గుడ్డ చుట్టి బిగించి పట్టుకుంటాడు. దూరంగా నిలబడి గాలం తీగను లాగుతాడు. చేప మీద కోపం ఉండి చేసే పనులు కావివి, ఏం చేయాలో తెలియక చేసేవి. పైక్, మస్కీలు మనుషుల చేతుల్లో చచ్చిపోవడానికి అన్నిటికంటే పెద్ద కారణం మన భయమేనని నేను గట్టిగా నమ్ముతాను.

వెనకటి రోజుల్లో ఈ భయం ఎంత దూరం వెళ్లిందంటే, మస్కీని పడవలోకి ఎక్కించే ముందు పిస్టల్‌తో తలలో కాల్చేవారు. పైక్‌ను పైకెత్తడానికి కంటి గుంతల్లో రెండు వేళ్లు గుచ్చేవారు. 1955 జూలైలో, ఎండలు మండిపోయి గాలి ఆడని రోజుల్లో, ఉత్తర మిన్నసోటాలోని లీచ్ లేక్‌లో మస్కీలు ఎన్నడూ లేనంతగా గాలాలకు తగిలాయి. కొద్ది రోజుల్లోనే వందకు పైగా పట్టారు. చచ్చిన చేపలను వరసగా వేలాడదీసి, వాటి పక్కన మనుషులు నిలబడి తీయించుకున్న ఫొటోలు ఇప్పటికీ ఉన్నాయి. ఆనాటివాళ్లను తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. అప్పటికి సరస్సులోని చేప తరగనిదనే అందరూ అనుకున్నారు. పదకొండేళ్ల తర్వాత, 1966లో, సెయింట్ పాల్ నగరంలో గిల్ హామ్ అనే ఆయన మస్కీస్ ఇన్‌కార్పొరేటెడ్ అనే సంఘాన్ని మొదలుపెట్టారు. పట్టిన మస్కీని తిరిగి వదిలిపెట్టాలన్న మాటను ఊరూరా తిప్పింది ఆ సంఘమే. ఇవాళ మస్కీ కోసమే వెళ్లేవాళ్లలో దాదాపు అందరూ పట్టినదాన్ని మళ్లీ నీళ్లకే ఇస్తున్నారు.

ఎందుకంత పట్టుదల అంటారా? మస్కీ చాలా నిదానంగా ఎదిగే చేప. ఆడ మస్కీ మొదటిసారి గుడ్లు పెట్టడానికి అయిదారేళ్లు పడుతుంది. 50 అంగుళాల చేప మీ పడవ పక్కన తేలిందంటే అది సుమారు పదిహేనేళ్లుగా ఆ నీళ్లలో బతుకుతున్నట్టు, దాదాపుగా అది ఆడదే అయినట్టు. పైగా ఇవి గుంపులుగా ఉండవు. మంచి సరస్సుల్లో కూడా చాలాచోట్ల పెరిగిన మస్కీ ఎకరానికి ఒక్కటి కూడా లెక్కకు రాదు. ఒక్క పెద్ద చేప పోతే ఆ చోటు నిండటానికి ఏళ్లు పడుతుంది.

ఇక్కడ మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. మనం ప్రాణంతో చూసి పెరిగిన చేప ఏది? చాలామందికి కొర్రమీను. తెలంగాణ రాష్ట్ర చేప అది. బజారులో తొట్టెలో నాలుగు వేళ్ల నీళ్లలో పడి ఉంటుంది. బయటికి తీసి తూకం వేసినా, సంచిలో వేసి ఇంటికి తెచ్చినా ఇంకా కదులుతూనే ఉంటుంది. దాంతో చేప గట్టి పిండమని, గట్టున కాసేపు పడి ఉన్నా ఏమీ కాదని మన మనసులో పాతుకుపోయింది. కాని కొర్రమీను తల లోపల గాలి పీల్చుకునే అర ఒకటి ప్రత్యేకంగా ఉంది. నీళ్లలో ప్రాణవాయువు తగ్గిపోతే పైకి వచ్చి మనలాగే గాలి పీల్చుకుంటుంది. పైక్‌కు, మస్కీకి ఆ వసతి లేదు. మొప్పలే వాటి ఊపిరితిత్తులు. ఆ మొప్పల్లోని సన్నని పొరలు నీళ్లలో ఉన్నంతసేపే విచ్చుకుని ఉంటాయి. గాలిలోకి రాగానే ఒకదానికొకటి అంటుకుపోతాయి. చుట్టూ ఎంత గాలి ఉన్నా ఒక్క గుక్క లోపలికి పోదు.

అది కూడా ఎలాంటి సమయంలో? గాలంతో పెనుగులాడి కండల్లోని శక్తంతా ఖర్చు చేసుకుని, రక్తంలో లాక్టిక్ ఆమ్లం పేరుకుపోయి, ప్రాణవాయువు కోసం తహతహలాడుతున్న సమయంలో. మైలు దూరం పరుగెత్తి వచ్చి రొప్పుతున్న మనిషి ముక్కూ నోరూ మూసేసి, "ఇటు చూడు, ఫొటో తీస్తున్నాం" అన్నట్టుంటుంది మనం చేసే పని.

దీని మీద 1992లో కెనడాలో ఫెర్గూసన్, టఫ్ట్స్ అనే శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం ప్రచురించారు. వాళ్లు తీసుకున్నది రెయిన్‌బో ట్రౌట్ చేపల్ని. అలసిపోయేదాకా ఈదించి, కొన్నిటిని నీళ్లలోనే ఉంచారు, కొన్నిటిని 30 సెకన్లు, మరికొన్నిటిని 60 సెకన్లు గాలిలో పెట్టారు. పన్నెండు గంటల తర్వాత చూస్తే, గాలి తగలనివాటిలో నూటికి 88 బతికాయి. 30 సెకన్లు పైన ఉన్నవాటిలో 62. ఒక నిమిషం ఉన్నవాటిలో 28. ట్రౌట్ సుకుమారమైన చేప, మస్కీ దానికంటే మొండిది. ఆ అంకెలు యథాతథంగా మస్కీకి వర్తించవు. కాని ఇందులో మన మనసులో ఉండిపోవలసిన సంగతి ఒకటుంది. చనిపోయినవి అక్కడికక్కడే చనిపోలేదు. తర్వాత గంటల్లో పోయాయి. మనం వదిలిన చేప తోక ఆడించుకుంటూ లోపలికి వెళ్లిపోగానే "హమ్మయ్య" అనుకుని చెయ్యి దులుపుకుంటాం. దాని కష్టం అప్పటికింకా తీరలేదు.

అందుకే చేపను వదలడం అనే పని గాలం వేయకముందే మొదలవుతుంది. పడవలో ఏమేం ఉన్నాయి, అవి చేతికి అందే చోట ఉన్నాయా అన్నదే అసలు ప్రశ్న. మొదటిది వల. చిన్న చేపల కోసం కొన్న నైలాన్ వల దీనికి పనికిరాదు. ముడులు పడ్డ దారాలు చేప ఒంటి మీది జిగురును గీకేస్తాయి, రెక్కలను చీలుస్తాయి. ఆ జిగురు వట్టి జారుడు పదార్థం కాదు, చేపకు అది రక్షణ కవచం. అది పోయినచోట బూజు పట్టి పుండవుతుంది. అందుకని రబ్బరు పూత ఉన్న, ముడులు లేని, లోతైన పెద్ద వల కావాలి. నాలుగడుగుల చేప అందులో మెలికపడకుండా నీళ్లలో నిలబడగలగాలి. వలను చేపను మోసే సంచి అనుకోకండి. పడవ పక్కన నీళ్లలోనే ఉంచి, చేప అందులో ఊపిరి పీల్చుకుంటూ ఉండగా మనం పని చేసుకోవడానికి కట్టుకున్న తొట్టి అది.

రెండోది పొడుగు మూతి పట్టకారు. మన ఇళ్లలో కరెంటు పనికి వాడే నోస్ ప్లయర్ లాంటిదే, కాని పిడి పొడుగ్గా, కనీసం పదకొండు అంగుళాలు ఉండాలి. అప్పుడే చెయ్యి పళ్లకు దూరంగా ఉంటుంది. మూడోది చిన్న బోల్ట్ కట్టర్, అంటే గట్టి ఇనప తీగను ఒక్క నొక్కుతో తుంచే కత్తెర. ఈ మూడింట్లో ఒక్కటే కొనగలను, ఏది కొనమంటారు అని ఎవరైనా అడిగితే నేను ఈ కట్టర్ పేరే చెబుతాను. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

ఇంకో రెండు మాటలు రాడ్డు గురించి. మస్కీ కోసమే వెళ్లేవాళ్లు 80, 100 పౌండ్ల బలమున్న అల్లిక దారం వాడతారు. అంత లావు దారం గొప్ప కోసం కాదు. పెనుగులాట తొందరగా ముగిసి, చేప పూర్తిగా అలసిపోకముందే వలలోకి రావాలని. దారం చివర, గాలానికి ముందు, అడుగు పొడవున ఉక్కు తీగ గాని, లావుపాటి ఫ్లోరోకార్బన్ తీగ గాని ఉండి తీరాలి. మామూలు దారాన్ని ఆ పళ్లు క్షణంలో కోసేస్తాయి. అప్పుడు మనకు పోయేది ఒక ఎర. చేపకు మిగిలేది నోటికి కుట్టేసినట్టున్న మూడు ముళ్ల గాలం. వీలైతే ప్రతి ముల్లు మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లును పట్టకారుతో నొక్కి చదును చేసేయండి. చేపలు జారిపోతాయేమోనన్న బెంగ వద్దు. దారం బిగువుగా ఉంటే జారవు.

ఇప్పుడు చేప వలలో ఉందనుకుందాం. ఒక్క క్షణం ఏమీ చేయకండి. దాన్నీ ఊపిరి తీసుకోనివ్వండి, మీరూ తీసుకోండి. కెమెరా ఎవరి చేతిలో ఉందో, కొలత కర్ర ఎక్కడుందో ఈలోగా చూసుకోండి. తర్వాత వల అంచు మీదికి వంగి చూడండి. మంచినీటిలో పచ్చగా, బంగారు రంగు పులుముకున్న ఒళ్లు. మొప్ప మూత లేచి దిగుతూ ఉంటుంది, దాని కింద ఎర్రటి మొప్పలు కనబడి మాయమవుతుంటాయి. మూతి పక్కన వేలాడుతున్న ఎర. దాని మూడు ముళ్లలో రెండు దవడ మూలలో దిగి ఉన్నాయి, మూడోది బయట ఖాళీగా నిగనిగలాడుతోంది. అందరూ భయపడేది పళ్లకు. అనుభవం ఉన్నవాళ్లు భయపడేది బయట ఉన్న ఆ మూడో ముల్లుకు. ఆస్పత్రి పాలు చేసేది అదే. చేప ఒక్క విదిలింపు విదిలిస్తే ఆ ముల్లు మన అరచేతిలో దిగుతుంది. అటు చేపా ఇటు మనమూ ఒకే ఇనప ముక్కకు కట్టుబడిపోతాం. ఇరవై పౌండ్ల చేప పక్కనే కొట్టుకుంటుంటే చేతిలోంచి ముల్లు తీసుకోవడం ఎవరి తరమూ కాదు.

కట్టర్ పెట్టి ఆ ముల్లును ముందు తుంచేయండి. మిగతా రెండిటిలో పట్టకారుకు సులువుగా అందేదాన్ని కాడ దగ్గర పట్టుకుని, అది దిగిన దారినే వెనక్కి తిప్పండి. ఒక్క తిప్పుతో వస్తే మంచిదే. రాకపోతే పంతానికి పోవద్దు, దాన్నీ తుంచేయండి. కొత్త గాలం ముల్లుకు ఒకటి రెండు డాలర్లు అవుతుంది. ముక్కలు చేస్తే ఏ ముక్కకా ముక్క తేలిగ్గా ఊడి వస్తుంది. దవడలో మిగిలిన చిన్న ముక్క వల్ల చేపకు పెద్ద ప్రమాదం లేదు. దాన్ని తీయబోయి అయిదు నిమిషాలు కెలకడం వల్ల ఉంది. చేతిలో ముల్లు దిగినా ఇదే పని, ముందు కట్టర్‌తో చేపను మన నుంచి విడదీయాలి. అందుకే పనిముట్లలో దానికి నేను మొదటి పీట వేశాను. ముల్లు లోతుగా దిగితే సొంత వైద్యం మాని డాక్టరు దగ్గరికి వెళ్లండి, ధనుర్వాతం ఇంజెక్షను సంగతి అడగండి.

నోరు తెరిపించడానికి స్ప్రింగు తీగలు దుకాణాల్లో అమ్ముతారు. నాకు అవి నచ్చవు. బిగువు ఎక్కువైనవి దవడ కీళ్లను సాగదీస్తాయి. చాలాసార్లు వాటి అవసరమే రాదు. గాలం లోపల ఉంటే మొప్పల వైపు నుంచి పట్టకారు పోనిచ్చి అందుకోవచ్చు. అయితే ఎర్రటి మొప్పలకు ఇనుము తగలకూడదు. అక్కడ గీత పడితే ఆగని రక్తం.

ఫొటో కావాలా? కావాలనే అంటారు, నాకు తెలుసు. ఊళ్లో అమ్మానాన్నలకు వాట్సాప్‌లో పంపాలి కదా. తీసుకోండి. కాని పైకెత్తే పద్ధతి వేరు. ముందు చేతులు తడుపుకోండి. ఒక చేత్తో మొప్ప మూత కింది అంచు దగ్గర, గడ్డం వైపు నుంచి, నాలుగు వేళ్లను మూతకూ మొప్పలకూ మధ్య ఉన్న సందులోకి జరపండి. వేళ్లు మూత లోపలి గోడకు ఆనుకుని ఉండాలి, మొప్పలను తాకకూడదు. అలాగే ముందుకు జరిపితే గడ్డం ఎముక దగ్గర గట్టి పట్టు దొరుకుతుంది. బొటనవేలు బయట, నోటికి దూరంగా. అక్కడ చెయ్యి ఉన్నప్పుడు చేప ఎంత నోరు తెరిచినా కరవలేదు. ఆ పట్టు ఒక్కసారి చేతికి తెలిశాక భయం పోతుంది. రెండో చెయ్యి పొట్ట కింద, వెనక రెక్కకు కాస్త ముందుగా. చేపను అడ్డంగానే ఎత్తాలి. దవడ పట్టుకుని నిలువుగా వేలాడదీస్తే, పుట్టినప్పటి నుంచీ నీరు మోసిన ఆ బరువంతా ఒక్కసారిగా మెడ కీళ్ల మీద, లోపలి అవయవాల మీద పడుతుంది. వలలో నుంచి పైకి, క్లిక్కు, మళ్లీ నీళ్లలోకి. ఎత్తేముందు మీరు ఊపిరి బిగబట్టండి. మీకు ఇబ్బందిగా అనిపించిన క్షణానికి చేప నీళ్లలో ఉండాలి. పొడవు కొలవాలంటే నీటి మీద తేలే కొలబద్దలు వచ్చాయి, వాటికి చేపను ఎత్తనక్కర్లేదు. బరువు తూచే కొక్కేనికి దవడ తగిలించడం మాత్రం ఎప్పటికీ వద్దు.

ఇక వదలడం. తోక మొదట్లో సన్నగా ఉండే చోట ఒక చేత్తో పట్టుకుని, పొట్ట కింద రెండో చెయ్యి ఆనించి, నీళ్లలో వీపు పైకి ఉండేలా నిలబెట్టండి. కొందరు చేపను ముందుకూ వెనక్కూ ఊపుతారు. వద్దు. మొప్పలు నోటి వైపు నుంచి వచ్చే నీటికి అలవాటు పడ్డవి, వెనక నుంచి తోసే నీటితో వాటికి మేలు లేదు. ఊరికే పట్టుకుని ఉండండి. మొప్ప మూతల కదలిక నిదానంగా, లోతుగా మారుతుంది. తోక మీ పిడికిలిలో బిగుసుకుంటుంది. చేయి వదులు చేస్తే పక్కకు ఒరగకుండా నిలబడుతోందా చూడండి. ఒరిగితే మళ్లీ పట్టుకోండి. నిమిషం పట్టవచ్చు, పది నిమిషాలు పట్టవచ్చు, ఆ రోజుకు వేట అంతటితో ఆగిపోవచ్చు. వెళ్లిపోయాక కూడా వెంటనే మోటారు వేయకండి. కాసేపు అక్కడే ఉండి చుట్టూ చూడండి. మళ్లీ వెల్లకిలా తేలితే అందుకునేవాళ్లు ఉండాలి. లేకపోతే పక్క నుంచి వేగంగా వచ్చే పడవ దాన్ని చూడదు.

ఎండల సంగతి వేరుగా చెప్పాలి. నీరు వేడెక్కే కొద్దీ అందులో కరిగే ప్రాణవాయువు తగ్గిపోతుంది. 10 డిగ్రీల సెల్సియస్ నీటిలో లీటరుకు సుమారు 11 మిల్లీగ్రాములు ఇమిడితే, 27 డిగ్రీల నీటిలో 8 మాత్రమే ఇముడుతుంది. అదే వేడిలో చేప ఒంటికి కావలసినది మాత్రం పెరుగుతుంది. అందుకే పైనీరు 80 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే దాదాపు 27 సెల్సియస్ దాటితే మస్కీ వేటగాళ్లు తమంతట తామే గాలాలు సర్దేస్తారు. చట్టం అడగదు, ఎవరూ చూడరు, అయినా ఆగిపోతారు. వాళ్ల మీద నాకు ఎంత గౌరవమో మాటల్లో చెప్పలేను. జూలై ఎండల్లో చుట్టాలు వచ్చారని, సెలవు దొరికిందని మస్కీ కోసం బయల్దేరకండి. ఆ రోజు సన్‌ఫిష్ పట్టండి.

చలికాలం దానికి వ్యతిరేకం, నీళ్లు చల్లగా ఉంటాయి, గాలి ప్రమాదం. మంచుకు రంధ్రం వేసి పైక్‌లను పట్టేటప్పుడు, సున్నాకు ఎంతో దిగువన ఉన్న గాలిలో తడి మొప్పలు, కళ్లు సెకన్లలో గడ్డకడతాయి. చేపను మంచు మీదికి లాగి పడేయకుండా, తల రంధ్రంలోని నీళ్లలో ఉండగానే గాలం తీయాలి.

ఇంత చేసినా ఒక్కోసారి చేప దక్కదు. 2021 నవంబరులో మిల్ లాక్స్ సరస్సులో ఒక మస్కీ పడింది. 57 అంగుళాలకు పైన పొడవు, 55 పౌండ్లకు పైన బరువు, అంటే పాతిక కిలోలు దాటిన చేప. 1957 నుంచి చెక్కుచెదరని మిన్నసోటా బరువు రికార్డు దానితో పోయింది. కాని దాన్ని పట్టినవాళ్లు మొదట చేసింది తూచడం కాదు. ఆ చలిలో గంటకు పైగా నీళ్లలో నిలబెట్టి బతికించాలని చూశారు. ఎంతకూ తేరుకోకపోవడంతోనే గట్టుకు తెచ్చారు. ఆ రికార్డు గురించి చదివినప్పుడల్లా నా మనసు బరువు దగ్గర ఆగదు, ఆ గంట దగ్గరే ఆగుతుంది.

చేప చావును ముందే తప్పించే వీలున్న చోటు ఒకటుంది. బతికున్న చేపను ఒంటి ముల్లుకు గుచ్చి వేసి, మస్కీ దాన్ని పూర్తిగా మింగేదాకా ఆగి అప్పుడు లాగే పాత పద్ధతి. ముల్లు పొట్టలో దిగుతుంది, దారం తెంపి వదిలేస్తారు. అలా వదిలినవాటి మీద విస్కాన్సిన్‌లో పరిశోధన చేస్తే వాటిలో చాలా భాగం ఏడాది తిరక్కుండా చనిపోయాయని తేలింది. వదిలిన రోజు అవన్నీ ఈదుకుంటూ వెళ్లినవే. బతికున్న ఎర వేయాలనుకుంటే ఎర పక్కన చిన్న మూడు ముళ్ల గాలాలు అమర్చిన కట్టు వాడి, తగిలిన వెంటనే లాగాలి. అప్పుడు ముల్లు నోట్లోనే దిగుతుంది.

మన ఊళ్లలో వింటున్న శ్రోతలకు కూడా ఇందులో పనికొచ్చేది ఉంది. గోదావరిలో, కృష్ణలో వాలుగ ఉంది. కంటి వెనక దాకా చీలిన నోరు, దవడల నిండా లోపలికి వాలిన పళ్లు. దాన్ని జీవనోపాధిగా పట్టే బెస్తవారికి వదలమని చెప్పే హక్కు నాకు లేదు. కాని సరదాకు గాలం వేసేవాళ్లు ఇప్పుడు ఆనకట్టల దగ్గర, చెరువుల దగ్గర చాలామంది ఉన్నారు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఐయూసీఎన్ వాలుగను ముప్పు ఎదుర్కొంటున్న జాతుల్లో చేర్చింది. వానలు పడి కొత్తనీరు వచ్చే రోజుల్లో గుడ్లతో ఉన్న వాలుగ గాలానికి తగిలితే వదిలే ఆలోచన చేయండి. వాలుగకు పొలుసులు ఉండవు, ఒంటి మీద ఉన్నదంతా జిగురే. తడి చేతులు, పొడుగు పట్టకారు, నీళ్లలోనే గాలం తీయడం, ఈ మూడూ దానికి ఇంకా ఎక్కువ అవసరం.

చివరిగా, మిన్నసోటాలో ఉన్నవాళ్లు తరచుగా అడిగేది: మరి తినడానికి ఏది ఉంచుకోవచ్చు? ముందు పైకో మస్కీయో గుర్తుపట్టాలి. పైక్‌కు ముదురు ఒంటి మీద లేత మచ్చలు. మస్కీకి లేత ఒంటి మీద ముదురు చారలో మచ్చలో ఉంటాయి, కొన్నిటికి అసలేమీ ఉండవు. అనుమానం వస్తే కింది దవడ అడుగున ఉన్న చిన్న రంధ్రాలు లెక్కపెట్టండి. ఒక్కో వైపు అయిదు గాని అంతకు తక్కువ గాని ఉంటే పైక్, ఆరు గాని అంతకు ఎక్కువ గాని ఉంటే మస్కీ. 2015 నుంచి మిన్నసోటాలో చాలా సరస్సులకు మస్కీ కనీస పొడవు 54 అంగుళాలు. అంతకు తక్కువదాన్ని ఏ స్థితిలో ఉన్నా నీళ్లకే ఇవ్వాలి. పైక్ లెక్క వేరు. 2018లో వచ్చిన నిబంధనల ప్రకారం రాష్ట్రంలో ఎక్కువ భాగం ఉన్న ఉత్తర మధ్య ప్రాంతంలో 22 నుంచి 26 అంగుళాల మధ్య ఉన్న పైక్‌ను వదిలేయాలి, చిన్నవాటిని ఉంచుకోవచ్చు. మొత్తం పదికి మించకూడదు, ఆ పదిలో 26 దాటినవి రెండే. ఆ ప్రాంతంలో చిన్న పైక్‌లు మరీ ఎక్కువైపోయాయి కనుక వాటిని పట్టుకెళ్లి తినమని ప్రభుత్వమే చెబుతోంది. నిబంధనలు మారుతుంటాయి, లైసెన్సు తీసుకునేటప్పుడు ఆ ఏటి పుస్తకం చూసుకోండి. పెద్ద పైక్‌లో పాదరసం ఎక్కువగా చేరుతుంది, గర్భిణులకు, పిల్లలకు అది పెట్టకండి. చిన్నదాంట్లో కాస్త ముళ్లు ఎక్కువ, వీపు పొడవునా రెండుగా చీలిన ముళ్ల వరస ఉంటుంది. పులస ముళ్లు ఏరుకుని తిన్నవాళ్లకు అదేం పెద్ద కష్టం కాదు. చింతపండు పులుసు కాస్త చిక్కగా పెట్టి, ముక్కలు పెద్దవిగా కోసి వేయండి.